అపాచీ కనుమ: నడిచి చేరవలసిన ఒక యుద్ధభూమిపై కేస్ స్టడీ

నేపథ్యం

అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రానికి ఆగ్నేయ మూలన, చిరికావా కొండలకూ డోస్ కబేసస్ కొండలకూ నడుమ ఒక ఇరుకు కనుమ ఉంది. స్పానిష్ వారు దానిని ‘ప్వెర్తో దెల్ దాదో’ అన్నారు, అంటే పాచికల కనుమ. దాటేవాడి ప్రాణం పాచిక పడే తీరును బట్టి ఉంటుందన్న భావం ఆ పేరులో ఉంది. ఇప్పటి పటాలలో దాని పేరు అపాచీ కనుమ. చుట్టుపక్కల వాగులన్నీ ఎండిపోయే రోజులలో కూడా ఎండని చిన్న ఊట ఒకటి అక్కడ ఉండడమే ఈ కనుమ చరిత్ర అంతటికీ మూలం. 1858లో బటర్‌ఫీల్డ్ తపాలా బండ్ల సంస్థ ఇక్కడ రాతి గోడల మజిలీ కట్టినదీ, 1862 జూలై 15, 16 తేదీలలో కాలిఫోర్నియా వాలంటీర్ సైన్యమూ అక్కడి ఆదివాసులైన చిరికావా అపాచీలూ ఇక్కడ తలపడినదీ, ఆ పోరు ముగిసి రెండు వారాలైనా గడవకముందే సైన్యం ఇక్కడ ఫోర్ట్ బూయీ అనే స్థావరాన్ని నెలకొల్పినదీ ఆ నీటి కోసమే. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి చాలామంది ‘బోవీ’ అని చదువుతారు గాని స్థానికులు ‘బూయీ’ అంటారు కనుక నేనూ అదే రాస్తున్నాను.

నేను పాత మట్టి కట్టడాల పరిరక్షణ పనిలో ఉన్నాను. పుట్టింది అనంతపురం జిల్లాలో, చాలా ఏళ్లుగా ఉంటున్నది ఆరిజోనాలోని టూసాన్ నగరంలో. గత నవంబరులో ఇక్కడ సివిల్, ఆర్కిటెక్చర్ చదువుతున్న పదకొండు మంది తెలుగు విద్యార్థులను వెంటబెట్టుకొని ఫోర్ట్ బూయీకి వెళ్లాను. మేము అక్కడ ఏ మరమ్మతూ చేయలేదు, చేసే అధికారమూ మాకు లేదు. ఆ స్థలం జాతీయ పార్కుల సంస్థ ఆధీనంలో ఉన్నది. సాధారణ సందర్శకులకు అనుమతించిన దారి దాటకుండా, కంటితోనూ కెమెరాతోనూ మాత్రమే ఆ స్థలం ఆరోగ్యాన్ని ఎంతవరకు అంచనా వేయవచ్చో నేర్పడం నా ఉద్దేశం. ఈ వ్యాసం ఆ సందర్శనకు నేను రాసుకున్న కేసు నివేదికే. ఇందులో నేను నిలబెట్టదలచిన మాట ఒకటుంది: ఇటువంటి చోట కంటికి ఆనేవి గోడలు కనుక మన శ్రద్ధ, మన డబ్బు గోడల చుట్టూనే తిరుగుతాయి, కాని యుద్ధం జరిగింది గోడల దగ్గర కాదు. అది జరిగిన నాటికి ఆ కోట గోడలే లేవు.

ఏమి జరిగింది, ఎక్కడ జరిగింది

1861 జనవరి చివరలో సొనోయిటా లోయలోని ఒక పశువుల కొట్టంపై దాడి జరిగి, అక్కడి బాలుడు ఒకడు అపహరణకు గురయ్యాడు. ఆ పని చిరికావా నాయకుడు కొచీస్ మనుషులదేనని నమ్మి, లెఫ్టినెంట్ జార్జ్ బాస్కమ్ ఫిబ్రవరి మొదటి వారంలో అపాచీ కనుమకు వచ్చి, మాట్లాడదామని పిలిచి, కొచీస్‌ను గుడారంలోనే నిర్బంధించబోయాడు. కొచీస్ కత్తితో గుడారం గుడ్డ కోసుకొని తప్పించుకున్నాడు; అతని తమ్ముడూ, మేనల్లుళ్ల వరస బంధువులూ మాత్రం సైన్యం చేతిలో చిక్కారు. ఇరువైపులా బందీలను పట్టుకోవడం, బేరాలు విఫలం కావడం, కొచీస్ తన దగ్గరి బందీలను చంపించడం, దానికి బదులుగా సైన్యం ఆరుగురు అపాచీ పురుషులను ఉరితీయడం, ఇవన్నీ ఆ నెలలోనే జరిగిపోయాయి. ఉరితీసినవారిలో కొచీస్ సోదరుడు కొయుంతురా ఉన్నాడు. బాలుణ్ణి ఎత్తుకుపోయింది కొచీస్ మనుషులు కారు. ఆ పొరపాటుతో మొదలైన యుద్ధం 1872 వరకు ఆగలేదు.

ఆ మరుసటి సంవత్సరం, అంతర్యుద్ధం నడుస్తుండగా, కల్నల్ జేమ్స్ కార్ల్‌టన్ కాలిఫోర్నియా నుంచి తూర్పుగా న్యూ మెక్సికో వైపు సైన్యాన్ని నడిపించాడు. ఆ దండుకు ముందు నడిచిన కెప్టెన్ థామస్ రాబర్ట్స్ దగ్గర పదాతి సైనికులు, కొద్దిపాటి అశ్వికులు, రెండు కొండ హోవిట్జర్లు (కొండ దారుల్లో మోసుకుపోగల పొట్టి ఫిరంగులు) ఉన్నాయి. డ్రాగూన్ స్ప్రింగ్స్ నుంచి సుమారు 40 మైళ్ల దూరం చుక్క నీరు దొరకని నేలపై రాత్రంతా నడిచి, జూలై 15 మధ్యాహ్నానికి వారు కనుమలోకి దిగారు. అప్పటికి కొచీస్, అతని మామ మంగస్ కొలరాడస్, వారి యోధులు ఊటకు ఎగువన ఉన్న కొండలపై రాళ్లు పేర్చి, వాటి వెనుక కాచుకొని ఉన్నారు. సైనికులు ఎలాగో పాడుబడిన తపాలా మజిలీలోకి చేరారు గాని, నీరు అక్కడికి కూతవేటు దూరం పైన ఉంది. నీటి మీద కొండ ఉంది. కొండ మీద తుపాకులు ఉన్నాయి. చివరికి హోవిట్జర్ గుండ్లను ఆ రాతి అడ్డుగోడల మీదికి పేల్చి, చీకటి పడే వేళకు వారు ఊటను చేరుకున్నారు. మర్నాడు మళ్లీ అదే తంతు జరిగింది.

అశ్విక దళం వంతు మొదటి రోజు, జూలై 15 సాయంత్రానిది. వెనుక వస్తున్న సరకు బండ్లను హెచ్చరించడానికి రాబర్ట్స్ కొందరు రౌతులను వెనక్కు పంపాడు. వారిలో జాన్ టీల్ అనే సిపాయి, రెండవ కాలిఫోర్నియా అశ్విక దళం బి కంపెనీవాడు, తోటివారికి దూరమై ఒంటరిగా చిక్కాడు. గుర్రానికి గుండు తగిలి కూలిపోగా, దాని శరీరాన్నే అడ్డుపెట్టుకొని పడుకొని కార్బైన్ (రౌతులు వాడే పొట్టి తుపాకి) పేల్చాడు. అతను కొట్టిన గుండ్లలో ఒకటి ఒక పెద్ద మనిషికి తగిలింది. అంతటితో చుట్టుముట్టినవారు ఆ మనిషిని మోసుకొని వెళ్లిపోయారు. టీల్ చచ్చిన గుర్రం జీనూ కళ్లెమూ విప్పి భుజాన వేసుకొని, మైళ్ల కొద్దీ నడిచి బండ్ల దగ్గరికి చేరాడు. గాయపడింది మంగస్ కొలరాడస్ అని తరువాత తెలిసింది. అపాచీలు అతన్ని మెక్సికోలోని హానోస్‌కు తీసుకుపోయి అక్కడి వైద్యుడి చేత వైద్యం చేయించారు.

సైన్యం వైపు ఇద్దరు చనిపోయారు. అపాచీల వైపు ఎందరన్నది మాత్రం చెప్పేవాడిని బట్టి మారుతుంది: రాబర్ట్స్ నివేదికలోని లెక్క పది చుట్టుపక్కల ఉంటే, బండ్ల వెంట వచ్చిన జాన్ క్రెమొనీ ఆరేళ్ల తర్వాత అచ్చు వేసిన జ్ఞాపకాలలో అది అరవై దాటింది. రాత సాక్ష్యం ఇంతగా ఊగిసలాడే చోట నేలలోని సాక్ష్యమే తూకం వేయాలి. నేలను ముట్టుకోకుండా ఉంచడానికి నాకు తెలిసిన అన్నిటికన్నా గట్టి కారణం అదే.

నడకే మొదటి కాపలా

టూసాన్ నుంచి తూర్పుగా హైవే మీద రెండు గంటల ప్రయాణం చేసి, ఆ తర్వాత కంకర రోడ్డు మీద కొండల్లోకి వెళితే దారి మొదలయ్యే చోటు వస్తుంది. అక్కడ బండి ఆపి ఒకటిన్నర మైళ్లు నడవాలి, మళ్లీ అంత దూరమూ తిరిగి రావాలి. నడవలేని వారికి ముందుగా అడిగితే వేరే దారి ఏర్పాటు ఉంటుంది. మిగిలిన అందరికీ ఇదే దారి. మా బృందంలో ఒక అమ్మాయి బండి దిగగానే అడిగింది: “సార్, ఇంత దూరం వచ్చాక కోట దాకా రోడ్డు వేయడానికి వాళ్లకేం అడ్డం?” అడ్డం ఏమీ లేదు. వేయకూడదనే వేయలేదు. 1964లో ఈ స్థలాన్ని జాతీయ చారిత్రక స్థలంగా అంగీకరించి, 1972లో లాంఛనంగా నెలకొల్పిన తరువాత కూడా సుమారు 1,000 ఎకరాల ఈ భూమిలో సందర్శకుల కేంద్రాన్ని రోడ్డు పక్కన కాకుండా దారి చివరన, కోట శిథిలాల దగ్గరే ఉంచారు. నడక తప్పించుకోవాలనుకునేవాడు ఇక్కడికి రాడు. వచ్చినవాడు అలసటతో, దాహంతో, కొంచెం నెమ్మదించి వస్తాడు. దోపిడీకి వచ్చే మనిషికి కూడా ఒకటిన్నర మైళ్ల దారిలో పార, లోహాన్ని పసిగట్టే యంత్రం మోయడం భారమే.

వృత్తిపరంగా నేను మెచ్చుకున్నది ఇంకొకటి. ఆ దారి మొదట పాత తపాలా మజిలీ పునాదులను తాకి, శ్మశానం పక్కగా వెళ్లి, ఊట దగ్గరికి చేరి, ఆ తరువాతనే కోటను చూపుతుంది. అంటే చరిత్ర జరిగిన వరుసలోనే కాళ్లు నడుస్తాయి. నీళ్ల సీసా సగం ఖాళీ అయిన వేళకు మజిలీ రాళ్ల దగ్గర నిలబడి, ఊట ఉన్న సన్నని లోయ వైపు చూసి, దాని పైనున్న కొండల ఎత్తును కంటితో కొలిస్తే, రాబర్ట్స్ మనుషుల ఇబ్బంది ఏమిటో వివరించవలసిన పనిలేదు. ఈ మూడింటి నడుమ ఉన్న దూరమూ ఎత్తూ చూపూ మారకుండా ఉండడమే యుద్ధభూమి పరిరక్షణలో అసలు పని. గోడ పడిపోతే ఫోటో చూసి మళ్లీ కట్టవచ్చు, అది మంచి పని కాకపోయినా. ఊటకూ కొండకూ మధ్య ఒక వాహనాల షెడ్డు లేచిందంటే ఆ యుద్ధం మళ్లీ ఎవరికీ అర్థం కాదు.

వెళ్లదలచిన వారికి రెండు మాటలు. జూలై నుంచి సెప్టెంబరు వరకు మధ్యాహ్నం పూట ఉరుములతో కుండపోత వానలు పడతాయి, ఎండిన వాగు నిమిషాలలో పొంగుతుంది; వేసవిలో దారి మీద గిలకపాములు ఉంటాయి. నీళ్లు మీరే తీసుకెళ్లాలి. ఊట నీరు చూడడానికి తేటగా ఉన్నా తాగకండి.

గోడల సంగతి

1862లో కట్టిన మొదటి స్థావరం కొండ మీద హడావుడిగా వేసిన గుడిసెల గుంపు. 1868లో దానికి తూర్పున ఉన్న మిట్ట నేలపై రెండవ కోట మొదలైంది. కోట అనగానే మనకు గండికోటో గోల్కొండో గుర్తుకువస్తుంది గాని ఇక్కడ బురుజు లేదు, ప్రాకారమూ లేదు. ఒక మైదానం చుట్టూ సైనికులు ఉండే బారకాసులు, అధికారుల ఇళ్లు, గుర్రాల కొట్టాలు, ఆసుపత్రి, అన్నీ ఎక్కువ భాగం పచ్చి ఇటుకతో కట్టినవే. 1894 అక్టోబరు 17న సైన్యం దీన్ని వదిలి వెళ్లిపోయింది. ఆ తరువాత చుట్టుపక్కల వారు తలుపులు, కిటికీలు, పైకప్పు దూలాలు ఊడదీసుకుపోయారు. పచ్చి ఇటుక గోడకు పైకప్పు పోవడమంటే మనిషికి చర్మం పోవడమే. గోడ తలపై పడిన వాన లోపలికి దిగి, గోడ నిలువునా పగిలి, వాన వానకూ కొంచెం కొంచెంగా కరిగిపోతుంది.

కింది నుంచి వచ్చే దెబ్బ మరీ మోసకారి. నేలలోని చెమ్మ గోడలోకి ఎక్కుతుంది, దానితోపాటు ఉప్పు ఎక్కుతుంది; తడి ఆరేటప్పుడు ఆ ఉప్పు ఇటుక లోపలే గట్టిపడి పొంగి, మట్టిని పొడిపొడిగా రాలుస్తుంది. మన ఊళ్లలో గోడకు చవుడు పట్టింది అంటారే, అదే. శీతాకాలం రాత్రుల్లో ఆ చెమ్మ గడ్డకట్టి, పగలు కరిగి, మళ్లీ గడ్డకట్టడం దీనికి తోడవుతుంది. చివరకు గోడ అడుగు భాగం లోపలికి తినుకుపోయి, పైభాగం నిటారుగా నిలబడి ఉన్నట్టే కనబడి, ఒక రోజు ఉన్నట్టుండి ఒరిగిపోతుంది. అందుకే గోడను చూసే అలవాటు లేని వాడు గోడ పైకి చూస్తాడు. అలవాటున్నవాడు వంగి అడుగు చూస్తాడు. విద్యార్థులకు నేను ఆ రోజు నేర్పిన మొదటి పాఠం మోకాళ్ల మీద కూర్చోవడం.

ఈ గోడలను ఇప్పుడు సున్నం కలిసిన పూతతో కప్పి ఉంచుతున్నారు. అందువల్ల ఎర్రటి శిథిలాలను ఊహించుకొని వచ్చినవారు, గుండ్రటి అంచులతో పాలిపోయిన మొద్దు గోడలను చూసి నిరాశపడతారు. మా కుర్రవాడొకడు “ఇది కొత్తగా కట్టినట్టుంది సార్” అన్నాడు. ఆ నిరాశ న్యాయమైనదే గాని, ఆ పూత అర్థం వేరు. అది అలంకారమూ కాదు, పునర్నిర్మాణమూ కాదు. వాన తన పళ్లు దాని మీద అరగదీసుకోవాలని వేసిన తొడుగు. అది అరిగిపోవడానికే ఉంది. అరిగినప్పుడల్లా మళ్లీ వేయాలి, అసలు ఇటుక మాత్రం దాని వెనుక అలాగే ఉండాలి. మా ఊళ్లో మా ఇంటిది చవుడు మిద్దె, అంటే చవుడు మట్టి పరచిన పైకప్పు. వానాకాలం రాకముందే ప్రతి ఏడూ మా నాయనమ్మ కూలీలను పిలిపించి మిద్దెపైన కొత్త చవుడు పోయించేది. ఒక సంవత్సరం డబ్బులేక మానేస్తే, ఆ ఏడు మేము గిన్నెలు పెట్టుకొని పడుకున్నాం. మట్టి కట్టడం ఏ దేశంలో ఉన్నా దాని పరిరక్షణ ఒకసారి చేసి చేతులు దులుపుకొనే ప్రాజెక్టు కాదు, ఏటేటా చేయవలసిన చాకిరీ. నిధులిచ్చే వారికి ఈ సంగతి ఒప్పించడమే మా వృత్తిలో కష్టమైన భాగం.

సున్నమే ఎందుకు, సిమెంటు ఎందుకు కాదు అన్న ప్రశ్నకు నా దగ్గర పుస్తకం జవాబు కన్నా మేలైనది ఒకటుంది, అది నా తప్పే. ఈ వృత్తిలోకి వచ్చిన కొత్తలో, దక్షిణ ఆరిజోనాలోనే ఒక పాత పశువుల క్షేత్రంలోని పచ్చి ఇటుక ఇంటికి సలహా ఇవ్వవలసి వచ్చింది. యజమానికి త్వరగా అవ్వాలి, చౌకగా అవ్వాలి. మేస్త్రీకి తెలిసింది కోళ్ల గూళ్లకు వాడే ఇనుప వల కొట్టి సిమెంటు పూయడం. నాకు అనుమానం ఉన్నా సంతకం పెట్టాను. రెండు వానాకాలాలు గోడ అద్దంలా ఉంది, నేనూ నిశ్చింతగా ఉన్నాను. మూడవ ఏడు ఆగస్టులో ఫోన్ వచ్చింది. వెళ్లి చూస్తే సిమెంటు పొర నిలబడే ఉంది, వెనుక గోడ లేదు. కింది నుంచి ఎక్కిన చెమ్మ బయటికి ఆరిపోయే దారిలేక, లోపల ఇటుకలన్నీ తడిపిన పిండిలాగా జారి అడుగున కుప్ప పడ్డాయి. మనిషి ఎత్తు మేర బోలు. వేలితో తడితే పొర డొల్లగా మోగింది. ఆ మోత నాకు ఇప్పటికీ పాఠం. సున్నపు పూత మెత్తనిది, దాని గుండా చెమ్మ బయటికి పోతుంది, గోడ కన్నా ముందు తానే చస్తుంది. గోడ కన్నా గట్టిదైన మందు గోడను చంపుతుంది. అందుకే ఇప్పుడు నేను చూసే ప్రతి పూత దగ్గరా అడిగేది ఎన్నాళ్లు నిలుస్తుందని కాదు, ఏది ముందు పోతుందని.

నేలలో ఉన్నది

గోడలను గురించి ఇంత రాశాక నా మొదటి మాటకు తిరిగి రావాలి. ఈ కోట 32 సంవత్సరాలు పనిచేసింది. యుద్ధం రెండు రోజులు జరిగింది. ఆ 32 సంవత్సరాల పాటు వందలాది సైనికులు ఇక్కడ గురిపెట్టి కాల్చడం నేర్చుకున్నారు, డబ్బాలు పారేశారు, గుర్రాలకు నాడాలు కొట్టారు, సీసాలు పగలగొట్టారు. యుద్ధానికి సంబంధించిన లోహపు ముక్క ఒక్కటి ఉన్న చోట, ఆ తరువాతి కాలపు చెత్త దానిని కప్పేసి ఉంటుంది. ఈ రెండింటినీ వేరు చేయగలిగేది ఒక్క ముక్కను చూసి కాదు. అది ఏమిటి, ఏ పొరలో, ఎంత లోతులో, దేని పక్కన, ఏ దిక్కుకు మొగం చేసి ఉందో అన్నీ కలిపి చూసినప్పుడే.

దీనికి ఒక ఉదాహరణ విద్యార్థులకు చెప్పాను, అది ఇక్కడా చెబుతాను. కొండవాలులో ఎవరికైనా ఒక రాగి తూటా గొట్టం దొరికిందనుకుందాం. దాని నోటి కొలత 0.45 అంగుళం. మనవాళ్లు ‘కొచీస్ మీద పేల్చిన తూటా’ అని ఉబ్బిపోతారు. కాని 0.45 అంగుళాల స్ప్రింగ్‌ఫీల్డ్ తుపాకులను సైన్యం తీసుకున్నది 1873లో. ఆ తూటా అడుగున ‘ఆర్’ గాని ‘సి’ గాని, ‘ఎఫ్’ అక్షరమూ, రెండు సంఖ్యలూ గుద్ది ఉంటే అది 1877 తరువాత ఫ్రాంక్‌ఫర్డ్ ఆయుధాగారంలో తయారైనది. ‘ఆర్’ అంటే రైఫిల్ కోసం, ‘సి’ అంటే రౌతు కార్బైన్ కోసం. ఆ సంఖ్యలు నెలా సంవత్సరమూ. అంటే అది యుద్ధం నాటిది కాదు, తరువాతి తరం చిరికావా యోధుడు జెరోనిమో వెంట సైన్యం పడిన కాలం నాటిది. 1862 నాటి పదాతి సైనికుడు కాగితంలో చుట్టిన మందూ గుండూ గొట్టం ముందు నుంచి కూరి పేల్చేవాడు. అతని తుపాకి నేల మీద తూటా గొట్టం వదలదు, సీసపు గుండును మాత్రమే వదులుతుంది. కాబట్టి ఆ యుద్ధంలో సైనికుడు ఎక్కడ నిలబడ్డాడో నేరుగా చెప్పే వస్తువు చాలా తక్కువ. గుండు ఎక్కడ తగిలిందో, హోవిట్జర్ గుండు పగిలిన ఇనుప పెంకులు ఎక్కడ పడ్డాయో, వాటి నుంచి వెనక్కి లెక్క కట్టుకోవాలి. కొండ హోవిట్జర్ గొట్టం సుమారు 220 పౌండ్లు, దాని గుండు సుమారు 1,000 గజాలు పోతుంది. పెంకులు పడిన చోటు తెలిస్తే, వాలు తెలిస్తే, దాన్ని ఎక్కడ నిలిపారో అటూ ఇటుగా చెప్పవచ్చు. ఒక పెంకు ఒకరి జేబులోకి పోతే ఆ లెక్కలో ఒక బిందువు పోతుంది. పది పోతే లెక్కే పోతుంది.

లోహాన్ని పసిగట్టే యంత్రాలను జాతీయ పార్కులలోకి తీసుకురావడమే నేరం. దానికితోడు 1979 నాటి పురావస్తు వనరుల పరిరక్షణ చట్టం, వందేళ్లు దాటిన వస్తువులను ప్రభుత్వ భూముల నుంచి అనుమతి లేకుండా తీయడాన్ని శిక్షార్హం చేసింది. నా అనుభవంలో యంత్రం తెచ్చేవాడి కన్నా, చట్టం సంగతే తెలియని మంచివాడి వల్ల ఎక్కువ నష్టం. మా బృందంలోనే జరిగింది. కోట మైదానం అంచున ఒక విద్యార్థి వంగి, బొటనవేలి గోరంత గాజుపెంకును ఎత్తాడు. లేత ఊదా రంగు, ఒక అంచు అరిగి నున్నగా ఉంది, ఇంకొక అంచు ఇప్పటికీ కోసేంత పదును. అందంగా ఉంది, కాదనను. “ఒక్క ముక్కే కదా సార్, ఫ్రిజ్ మీద పెట్టుకుంటా” అన్నాడు. ఆ రంగు మొదట్లో లేదనీ, గాజును తెల్లగా చేయడానికి ఆ రోజుల్లో మాంగనీసు కలిపేవారనీ, దశాబ్దాల పాటు ఎండ తగిలి ఆ మాంగనీసే ఊదా రంగు తేలిందనీ చెప్పాను. అంటే ఆ ముక్క అక్కడ, అదే వైపు ఆకాశానికి చూపుతూ, ఎన్నో దశాబ్దాలు పడి ఉంది. అతను కాసేపు చేతిలో తిప్పి, ఎక్కడ తీశాడో అక్కడి మట్టిలోని గుంటను వెతికి, అదే వైపు పైకి ఉండేలా పెట్టేశాడు. ఆ గుంట అంచు అతని వేలి వెడల్పు కూడా లేదు, అయినా దొరికింది.

లోహం కన్నా తేలికగా పాడయ్యేవి రాళ్లు. అపాచీ యోధులు పేర్చినటువంటి రాతి అడ్డులు మోకాలి ఎత్తు కూడా ఉండవు. చూడని కంటికి అవి కొండవాలులోని రాళ్ల గుట్టలే. అలసిన సందర్శకుడు దాని మీద కూర్చుంటాడు, ఇంకొకడు రెండు రాళ్లు తీసి ఫోన్ నిలబెట్టుకుంటాడు, మూడోవాడు సరదాగా రాళ్ల మీద రాళ్లు పేర్చి ఫోటో తీసుకుంటాడు. అక్కడితో 1862 నాటి రాయీ ఈ ఏటి రాయీ కలిసిపోతాయి. పార్కు వారు ఇటువంటి చోట్లకు దారి చూపకుండా, బోర్డు పెట్టకుండా ఉండడం కూడా ఒక పరిరక్షణ పద్ధతే, దానికి పైసా ఖర్చు లేదు. ఆ కారణంగానే నేనూ ఈ నివేదికలో అటువంటి వాటి ఆనవాళ్లు రాయడం లేదు.

ఊట స్థితి గురించి నాకు కొంత ఆందోళన ఉంది. ఇది సైఫన్ కాన్యన్ అనే లోయలో ఉంది. సైన్యం ఉన్న కాలంలో మనుషులకూ గుర్రాలకూ చాలిన ఈ నీరు, నేను చూసినప్పుడు రాళ్ల మధ్య సన్నని ధారగా ఉంది. వాన వచ్చినప్పుడు వాగు గట్టును కోసుకుపోవడం కూడా కనబడుతోంది. గోడకు పూత వేయడం మనకు తెలుసు. ఒక నీటి ఊటను, దాని చుట్టూ ఉన్న చెట్టూ చేమనూ గట్టునూ చారిత్రక వస్తువుగా చూసుకోవడం ఎలాగో మా వృత్తికి ఇంకా బాగా తెలియదు. నిధులు కేటాయించే పట్టికలో గోడకు గడి ఉంటుంది, నీటికి ఉండదు.

ఎవరి స్థలం

కొచీస్ 1872లో జనరల్ హోవర్డ్‌తో సంధి చేసుకున్నాక ఈ కనుమ చిరికావాలు ఉండడానికి కేటాయించిన భూమిలో, అంటే వారి రిజర్వేషన్‌లో భాగమైంది. ఆ రిజర్వేషన్ ఏజెన్సీ (దాన్ని నడిపిన ప్రభుత్వ కార్యాలయం) భవనపు శిథిలాలు దారిలోనే ఉన్నాయి. 1874లో కొచీస్ మరణించాడు, 1876లో రిజర్వేషన్ రద్దయింది. 1886 సెప్టెంబరు 4న స్కెలిటన్ కాన్యన్‌లో లొంగిపోయిన జెరోనిమోను ఫోర్ట్ బూయీకి తెచ్చి, నాలుగు రోజుల తరువాత ఇక్కడి నుంచి బూయీ స్టేషన్‌కు తీసుకెళ్లి, రైలెక్కించి ఫ్లోరిడాకు పంపారు. ఆ తరువాత చిరికావాలు 27 సంవత్సరాలు యుద్ధఖైదీలుగానే ఉన్నారు, పసిపిల్లలతో సహా. జెరోనిమోను పట్టడానికి సైన్యానికి సాయపడిన అపాచీ స్కౌట్లను, అంటే సైన్యం కొలువులో దారి చూపి జాడ తీసినవారిని కూడా అదే రైళ్లలో పంపేశారు. 1913లో విడుదలైనప్పుడు కొందరు న్యూ మెక్సికోలోని మెస్కలెరోకు వెళ్లారు, కొందరు ఓక్లహోమాలో ఉండిపోయారు. వారి వారసులు ఇప్పటికీ అక్కడే ఉన్నారు, ఈ ఊటకు వందల మైళ్ల దూరంలో.

ఈ వాస్తవం పరిరక్షణలో ఒక విధిని తెస్తుంది. ఇక్కడ ఏ పని చేయదలచినా ఆ తెగలను సంప్రదించాలని చట్టం చెబుతుంది. కాని సంప్రదింపు అంటే పూర్తయిన డ్రాయింగు మీద అభిప్రాయం అడగడం కాదు. మాటల దగ్గరే మొదలుకావాలి. నాతో వచ్చిన విద్యార్థులు నోటు పుస్తకాలలో మొదట ‘అపాచీల తిరుగుబాటు’ అని రాసుకున్నారు. ఎవరి ఇంట్లో ఎవరు ఎవరి మీద తిరగబడ్డారని అడిగాను. కొట్టివేసి ‘యుద్ధం’ అని రాశారు. నాకు ఆ మాట కూడా పూర్తిగా సరిపోదు గాని అంతకన్నా మంచి మాట దొరకలేదు.

శ్మశానం దగ్గర మేము ఎక్కువసేపు నిలబడ్డాం. 1895లో సైనికుల అవశేషాలను తవ్వి శాన్ ఫ్రాన్సిస్కో జాతీయ శ్మశానానికి తరలించారు. మిగిలిన సమాధుల మధ్య జెరోనిమో కొడుకు లిటిల్ రోబ్ సమాధి ఉంది, రెండేళ్ల పిల్లవాడు, 1885లో చనిపోయాడు. దాని మీద ఎవరో నాణేలూ చిన్న బొమ్మా పెట్టి వెళ్లారు. అవి ఎవరు పెట్టారో తెలియనప్పుడు చెత్త అని తీసేయవచ్చా, నైవేద్యం అని ఉంచాలా అని ఒక విద్యార్థి అడిగాడు. మన చేతిలో ఉన్న పని కాదు, తాకవద్దు, పార్కు సిబ్బందికి చెబుదాం అన్నాను, చెప్పాం.

తదుపరి పరిశీలన

గోడలకు చేరువ కాకుండా, దారి మీద నుంచే, 14 స్థానాల నుంచి ఫోటోలు తీశాం. ప్రతి ఫోటోకూ నిలబడిన చోటు, కెమెరా ఎత్తు, దిక్కు, వేళ రాసుకున్నాం. నీడ పొడవు మారితే పగులు వెడల్పు కూడా మారినట్టు కనబడుతుంది కనుక వేళ చాలా ముఖ్యం. కోట వాడుకలో ఉన్న రోజులనాటి పాత ఛాయాచిత్రాలు కొన్ని సందర్శకుల కేంద్రంలో ఉన్నాయి. వాటిలో ఒకటి తీసిన చోటును కొండల అంచులను బట్టి వెతుక్కొని, అక్కడే నిలబడి తొమ్మిదవ ఫోటో తీశాం. కొండల గీత అచ్చంగా కలిసింది. ముందున్న ఇళ్లలో మిగిలింది మోకాలి ఎత్తు గుర్తులు.

పద్నాలుగవ ఫోటోలో ఒక మూల గోడ అడుగున, నేలకు జానెడు ఎత్తులో, పూత మీద అడ్డంగా సన్నని చీలిక ఉంది. దూరం నుంచి దాని వెడల్పు చెప్పలేం, గోరు దూరేంత ఉంటుందని నా అంచనా. దాని కింద తెల్లటి పొడి ఆనవాలు ఉంది, అంటే చవుడు. ఆ ఫోటోను, తీసిన చోటు వివరాలతో, పార్కు సిబ్బందికి పంపాం. వచ్చే వానాకాలం ముగిశాక, సెప్టెంబరు చివరి వారంలో, అదే వేళకు, అదే ఎత్తులో కెమెరా పెట్టి మళ్లీ తీస్తాం. గాజుముక్క పెట్టేసిన కుర్రవాడు ఈసారి నోటు పుస్తకం తాను పట్టుకుంటానన్నాడు.